నాలుగో నంబరు ట్యూబు ఎవరిదో చెప్పమని

పరిపాలనాధికారి గారి సముఖమునకు,

రోగనిరోధక విభాగం, రెండో అంతస్తు, బి కణాల ప్రయోగశాలలో పదకొండేళ్ళుగా పనిచేయుచున్న పరిశోధకుడు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: తమ బీరువాలో సీలు వేసి ఉన్న కవరు తెరిచి, నాలుగో నంబరు రక్తం ఎవరిదో తెలుపవలసిందని మూడవసారి కోరుట గురించి.

సూచిక: (అ) నా మొదటి అర్జీ. (ఆ) నా రెండవ అర్జీ. (ఇ) ఆ రెండింటికీ తమ కార్యాలయం నుంచి వచ్చిన ఒకే జవాబు.

పై విషయమై తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. మా ప్రయోగశాలలో రక్త క్యాన్సర్ చికిత్స మీద పని జరుగుతున్నదని తమకు విదితమే. రక్తంలో బి కణాలని ఉంటాయి. ఒంట్లోకి క్రిమి వస్తే దానికి తగిన ఆయుధం తయారుచేసి పెట్టేవి అవే. వాటిలో ఏదో ఒకటి అదుపు తప్పి, తనకు తానే నకళ్ళు తీసుకుంటూ పోతే ఒక రకం రక్త క్యాన్సర్ అవుతుంది. రోగి రక్తంలోనే ఉన్న టి కణాలను బయటకు తీసి, ఆ బి కణాలను గుర్తుపట్టి చంపడం నేర్పి, తిరిగి ఒంట్లోకి ఎక్కించడం మా పని. రోగి రక్తం ఎలా ఉందో చెప్పాలంటే పక్కన ఆరోగ్యవంతుడి రక్తం ఉండాలి. ఆరోగ్యవంతులు కొట్లో దొరకరు కనుక మా రక్తం మేమే ఇచ్చుకోవడం ఈ వృత్తిలో మామూలు.

2. గత నెల పన్నెండవ తేదీన ఆరుగురు రక్తం ఇచ్చారు. నేను, మా టెక్నీషియన్ అమ్మాయి, నా దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థిని, గేటు దగ్గరి వాచ్‌మన్, మా అంతస్తు ఊడ్చే ఆయమ్మ, ఆ రోజు తనిఖీకి వచ్చిన తమరు. "ఏం, నా రక్తం పనికిరాదా?" అంటూ తమరే వచ్చి కుర్చీలో కూర్చున్నారు. అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత తమ గుమాస్తా చీటీలు తీసి, పేర్లకు బదులు ఒకటి నుంచి ఆరు వరకు నంబర్లు అంటించారు. ఎవరిది ఏ నంబరో రాసిన కాగితం సీలు కవరులో తమ బీరువాకు చేరింది. ఇంతవరకు అంతా పద్ధతి ప్రకారమే జరిగినది.

3. పద్ధతిగా లేనిది నాలుగో నంబరు. మా మిషన్ ఒక్కొక్క కణాన్ని ఒక్కొక్క చుక్కగా చూపిస్తుంది. ఆరోగ్యవంతుడి బి కణాలు రెండు గుంపులుగా చీలి కనబడాలి. నాలుగో నంబరులో ఒకటే గుంపు ఉంది, అదీ ఉండవలసిన దానికి మూడింతలు. అంటే అవన్నీ ఒకే కణం సంతానం. ట్యూబు మారిందేమో అనుకున్నాను, మారలేదు. మళ్ళీ మూడుసార్లు పెట్టి చూశాను. మిషన్‌ది తప్పేమో అన్నాను. "మిషన్ పొద్దున్నే కడిగాను సార్. దాన్ని అనకండి," అంది మా టెక్నీషియన్ అమ్మాయి. ఆ తర్వాత ఇద్దరం చాలాసేపు ఆ తెర వైపు చూడకుండా పనిచేశాం.

4. ఇది భయపడవలసినది కాకపోవచ్చు. కొందరిలో ఇటువంటి కణాలు ఏళ్ళ తరబడి ఊరికే పడి ఉంటాయి. మరికొందరిలో ఇదే ఆరంభం. ఏదో తేలాలంటే ఆ మనిషిని డాక్టరుకు చూపించాలి. ఆ మనిషెవరో కవరుకు మాత్రమే తెలుసు.

5. "దాతల వివరములు అధ్యయనము ముగియువరకు వెల్లడింపరాదు, ఫైలు మూసివేయడమైనది" అని తమ జవాబు. అధ్యయనం ముగియడానికి ఇంకా ఇరవై రెండు నెలలుంది. నిబంధన తమరు పెట్టింది కాదు. ఇందులో తప్పు నాదని కూడా రాసి ఇచ్చుకొంటున్నాను. "నా రక్తంలో దోషం కనబడితే నాకు తెలియజేయవలెను: అవును / కాదు" అనే గడి పాత ఒప్పుకోలు పత్రంలో ఉండేది. పత్రం ఒక్క పేజీలో పట్టాలని ఆ గడిని కొట్టేసింది నేనే. "ఆరోగ్యవంతులకు ఏమొస్తుందిలే," అని కూడా అన్నాను. ఆ గడే ఉండి ఉంటే ఈ అర్జీలతో తమను విసిగించే అవసరం ఉండేది కాదు.

6. అర్జీదారు పరిస్థితి ఏమనగా, ఈ జబ్బుకు మెడలో గడ్డలు తేలవచ్చు కనుక, రోజుకు ముప్ఫై నలభై సార్లు మెడ తడుముకొంటున్నాడు. గడ్డం గీసుకుంటూ ఒకసారి, లిఫ్టులో ఒకసారి, అన్నం ముందు కూర్చుని ఒకసారి. "ఏంటండీ, మెడ పట్టిందా?" అని మా ఆవిడ అడిగింది. దిండు సరిగా లేదన్నాను. మర్నాడు కొత్త దిండు కొనుక్కొచ్చింది. బాగుందా అని రోజూ అడుగుతోంది, బాగుందనే చెబుతున్నాను. ఇరవై ఏళ్ళలో ఆమెకు ఇంత వరసగా అబద్ధాలు చెప్పింది ఇప్పుడే.

7. నీ రక్తం నువ్వే తీసి చూసుకోవచ్చు కదా అని తమరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అరపూట పని. సూది నా సొరుగులోనే ఉంది. ఇప్పటికి నాలుగుసార్లు మోచేతి పైన రబ్బరు పట్టీ కట్టుకొని నాలుగుసార్లూ విప్పేశాను. ఏమీ తెలియనివాడైతే గుచ్చుకునేవాడే. నాకు తెలుసు. మా కణాలు ఎక్కించిన తర్వాత వచ్చే జ్వరం ఎలా ఉంటుందో చూశాను. సోమవారం తన పిల్లల పేర్లు, వాళ్ళ క్లాసులు వరసగా చెప్పిన ఒక బస్సు డ్రైవరు, బుధవారం నేను కలం చూపించి ఇదేమిటంటే చెప్పలేక నా మొహం చూశాడు. వారానికి తేరుకున్నాడు, ఇంటికి వెళ్ళాడు, మళ్ళీ బస్సు నడుపుతున్నాడు. కానీ ఆ చూపును నేను మా వ్యాసంలో "కొద్దిమందిలో తాత్కాలిక అయోమయము" అని మూడు మాటల్లో రాసి పారేశాను.

8. మంగళవారం నేరుగా తమ గదికి వచ్చాను. "రూలు రూలే కదండీ. మీలాంటివారే ఇలా అడిగితే ఎలా?" అన్నారు తమరు. మాట్లాడినంతసేపూ తమ ఎడమచెయ్యి కాలరు కిందికి పోయి మెడ తడుముతూనే ఉంది. కుడివైపు, తర్వాత ఎడమవైపు, మళ్ళీ కుడివైపు. నేను చేసేదీ సరిగ్గా అంతే. బీరువా తాళంచెవి తమ జేబులోనే ఉంటుంది. తమరు కవరు తెరవకపోవడానికి కారణం నిబంధన కాదని నా అభిప్రాయం. అధిక ప్రసంగమైతే మన్నించగలరు.

కావున తమరు దయతలచి, నియమాల నుంచి ఈ ఒక్కసారికి మినహాయింపు ఇచ్చి, సదరు కవరును నా ఎదుట తెరిపించవలసిందిగా ప్రార్థన. మిగతా అయిదు పేర్ల మీద కాగితం కప్పి, నాలుగో పేరు మాత్రమే చూపించినా చాలును.

ఈ మూడవ అర్జీనైనా పూర్తిగా చదివి చిత్తగించవలెను. మొదటి రెండూ చదవకుండానే ముద్ర వేశారని, విప్పని మడత మీదే ముద్ర పడటాన్ని బట్టి తెలుస్తోంది.

తమ విధేయుడు,
బి కణాల పరిశోధకుడు, రెండో అంతస్తు

జతపరచినవి: నాలుగో నంబరు చుక్కల పటం, ఒక ప్రతి.

తా.క.: ఇది పొద్దున రాసి, తమ గుమాస్తా భోజనానికి వెళ్ళారని నా దగ్గరే ఉంచాను. ఈలోగా మా టెక్నీషియన్ అమ్మాయి సంగతి బయటపెట్టేసింది. మందలిద్దామని బయటకు వచ్చేసరికి ప్రయోగశాల ముందు ఆ అమ్మాయితో సహా నలుగురూ వరసగా కూర్చుని ఉన్నారు. "నాకు చెప్పకపోతే రాకుండా పోతుందా బాబూ? గుచ్చు," అంది ఆయమ్మ, చెయ్యి చాపి. వాచ్‌మన్ గోడవైపు తిరిగి, "అయిపోయాక చెప్పండి సార్," అన్నాడు. విద్యార్థిని ఏడుస్తూనే తన రక్తం తనే తీసుకుంది. నేను మాత్రం రబ్బరు పట్టీ అందిస్తూ నిలబడ్డాను.

నాలుగున్నరకు ఫలితాలు వచ్చాయి. నలుగురివీ శుభ్రంగా ఉన్నాయి. అందరివీ రెండేసి గుంపులు.

ఇక మిగిలింది మీరూ, నేనూ.

సార్, ఒక మాట రాయకుండా ఉండలేకపోతున్నాను. నాలుగున్నర నుంచి అది మీదే అయి ఉండాలని కోరుకుంటున్నాను. మీ మీద నాకు ఏ కోపమూ లేదు. మీకూ ఇల్లుంది, మీరు మెడ తడుముకుంటుంటే అడిగేవాళ్ళు మీకూ ఉండే ఉంటారు. అయినా కోరుకుంటున్నాను. ఈ సంగతి తెలిశాక మీరూ నాదే కావాలని కోరుకుంటారు. నేను తప్పు పట్టను.

కవరు మాట వదిలేయండి. దాన్ని తెరిస్తే మీ ఉద్యోగానికి మాట వస్తుంది, బీరువాలోనే ఉండనివ్వండి. రేపు పదింటికి నేనే మీ గదికి వస్తాను. నా చెయ్యి మా టెక్నీషియన్ అమ్మాయి గుచ్చుతుంది, మీ చెయ్యి నేను గుచ్చుతాను. రెండు ట్యూబులూ ఒకేసారి మిషన్లో పెడదాం. ఎవరిదైనా సరే, రెండోవాడు వెంటనే లేచి వెళ్ళిపోకూడదు. ఇదొక్కటి ముందే అనుకుందాం.

సార్, రేపు సెలవు పెట్టకండి.