ఆకుపచ్చ కాగితం పీకివేయించుట గురించి

అయ్యా,

విషయం: మా అమ్మాయి కార్డు మీది ఆకుపచ్చ కాగితం తీసివేయించి, సోమవారం నుంచి మాత్ర తగ్గించే ఉత్తర్వును నిలుపుదల చేయుట గురించి.

పిల్లల పేగు జబ్బుల విభాగం పెద్ద డాక్టరు గారి సముఖమునకు, అదే విభాగంలో పద్నాలుగో నంబరు కార్డు గల పిల్ల తండ్రి, వృత్తి రీత్యా దర్జీ, విన్నవించుకొనునది. నా చేతిరాత కొలతల పుస్తకానికి తప్ప దేనికీ పనికిరాదు గనుక, నేను చెబుతూ ఉండగా పదకొండేళ్ల మా అమ్మాయే ఈ అర్జీ వ్రాస్తున్నది. అక్షరాల బాధ్యత ఆమెది, అందులోని తప్పులన్నీ నావి.

1. మా అమ్మాయికి పెద్దపేగులో పుండ్లు పడే జబ్బు ఉన్నట్లు తమరే నిర్ధారించియున్నారు. సదరు జబ్బు ఏ పిల్లలో ఎలా తిరుగుతుందో ముందుగా చెప్పడం కష్టమనీ, అయినా మొదటి నెలలో మందుకు ఎంత లొంగిందో చూస్తే, ఏడాది నాటికి స్టెరాయిడ్ లేకుండా ఉండగలదా లేదా అన్నది కొంతవరకు అంచనా వేయవచ్చుననీ సెలవిచ్చారు. అందుకు గాను ఒక చార్టు ఇప్పించారు. రోజుకు ఎన్నిసార్లు దొడ్డికి వెళ్లింది, రక్తం ఎంత, నొప్పి ఎంత, ఆటకు లేచిందా లేదా అన్నవాటికి ఇంట్లో మేమే అంకెలు వేయాలి. అంకె ఎంత తక్కువైతే పిల్ల అంత బాగున్నట్లు.

2. సదరు చార్టులను ప్రతి మంగళవారం వరండాలో పొడవాటి బల్ల మీద అందరూ పరచి నర్సమ్మకు చూపించే పద్ధతి పెట్టారు. ఈ పద్ధతి పట్ల నా తీవ్ర అభ్యంతరం తెలియజేసుకుంటున్నాను. నా పక్కన బస్సు డ్రైవరు గారు కూర్చుంటారు. ఆయన కూతురికీ ఇదే జబ్బు, ఇదే మందు, చేరినది కూడా అదే వారం. రెండో మంగళవారానికే వారి అంకె ముప్పై, మాది యాభై. ఆయన తన చార్టును అవసరమైన దానికంటే ఎక్కువసేపు బల్ల మీద ఉంచేవారు.

3. మూడో మంగళవారం ఆ పిల్ల వరండాలో తాడాట ఆడింది. మా పిల్ల గోడకు ఆనుకుని కూర్చుని ఆమె గెంతులు లెక్కపెట్టింది. డ్రైవరు గారు నాతో, "బెంగ పెట్టుకోకండి అన్నగారూ, ఒక్కో ఒంటికి ఒక్కో తీరు," అన్నారు. మంచి మాటే. ఆ మంచి మాటకే నా కడుపు మండిపోయింది. అయ్యా, పసిపిల్లకు రోగం తగ్గితే ఏడ్చినవాణ్ని నేను. ఈ వాక్యం రాయనంటోంది మా అమ్మాయి. రాయమన్నాను.

4. పై కారణముల చేత ఆ మధ్యాహ్నం నుంచే చార్టు నింపే విధానం మార్చాను. మా అమ్మాయి ఐదుసార్లు అని చెబితే రెండు అని వేశాను. రక్తం "కొంచెం" అంటే "లేదు" దగ్గర టిక్కు పెట్టాను. ఇరవై రెండేళ్లుగా ఎవరి నడుమూ అర అంగుళం తగ్గించి రాసినవాణ్ని కాదు. పొట్ట బిగబట్టి కొలత ఇచ్చే పెద్దమనుషుల చేత ఊపిరి వదిలించి మరీ టేపు చుట్టేవాణ్ని.

5. నాలుగో మంగళవారం మా అంకె పది, వారిది పదిహేను. నర్సమ్మ మా కార్డు మీద ఆకుపచ్చ కాగితం అంటించింది, ఏడాదికి బాగుండే అవకాశం ఎక్కువ అన్నమాట. వారికి పసుపు కాగితం, అంటే ఇంకా చెప్పలేమని. డ్రైవరు గారు నా చెయ్యి పట్టుకుని సంతోషం అన్నారు గానీ ఆయన చూపు ఆ కాగితం మీద నుంచి కదల్లేదు. ఆ సాయంత్రమంతా నేను ఈల వేసుకుంటూ మిషను తొక్కానని సిగ్గుతో మనవి చేస్తున్నాను.

6. సదరు కాగితాన్ని నమ్మి, సోమవారం నుంచి స్టెరాయిడ్ మాత్ర తగ్గించమని తమరు వ్రాశారు. నిన్న స్నానాలగదిలో నీళ్లు ఎర్రగా కనిపించాయి. పిల్ల తలుపు దగ్గర నిలబడి, "ఏం లేదు నాన్నా," అంది. తప్పు కొలతతో బట్ట కోస్తే ఇంకో ముక్క తెచ్చుకుంటాను. ఇక్కడ ఏం తెచ్చుకోను?

కావున తమరు దయతో ఆ కాగితం పీకించి, నిజమైన అంకెలతో, అనగా రోజుకు ఐదుసార్లు, రక్తం కొంచెం అన్న లెక్కతో, అంచనా మళ్లీ వేయించవలెనని ప్రార్థన. ఏ రంగు వచ్చినా తీసుకుంటాను. చార్టులు బల్ల మీద పరచే పద్ధతి కూడా రద్దు చేయించవలెను. డ్రైవరు గారికి ఈ సంగతి నేనే చెప్పుకుంటాను. తమరు చెబితే ఆయన ముఖంలో వెలుగు వస్తుంది, అది నేను పక్కన కూర్చుని చూడలేను.

శిక్ష నాకు, మందు పిల్లకు వేర్వేరుగా నిర్ణయించి, ఈ విన్నపమును కోపగించక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పద్నాలుగో కార్డు పిల్ల తండ్రి

తా.క. డాక్టరు గారూ, ఇది నాన్న చెప్పింది కాదు, నేనే రాస్తున్నాను. ఐదు కూడా కాదండీ, ఎనిమిది. రక్తం కొంచెం కాదు. పక్క చార్టు చూసినప్పుడల్లా నాన్న ముఖం మాడిపోతుంటే నేనే తగ్గించి చెప్పాను. ఆయన అందులోంచి మళ్లీ తగ్గించారు. మొన్న మీరు పొట్ట నొక్కినప్పుడు కూడా ఊపిరి బిగబట్టి నొప్పి లేదన్నాను. నాన్నకి చదివి వినిపించేటప్పుడు ఈ ముక్క వదిలేస్తాను. మంగళవారం దాకా ఆగాలా, రేపే వచ్చేయొచ్చా?