ఒబ్లివిస్కోర్

సిస్టర్,

మీరు పోయి ఈరోజుకు ఏడాది. చిక్కడపల్లి లైబ్రరీలో లాటిన్ నిఘంటువు తెరిచి కూర్చున్నాను. పక్క కుర్చీలో పరీక్షకు చదువుకుంటున్న అమ్మాయి తొంగి చూసింది.

“అక్కా, ఇది గ్రూప్స్‌ల వస్తదా?”

“రాదు.”

“మరెందుకు పరేషాన్?”

నవ్వి పేజీ తిప్పాను. ఒబ్లివిస్కోర్ అంటే ‘మరచిపోతున్నాను’ అని. నున్నగా తుడిచేయడమనే అర్థం నుంచి పుట్టిందంటారు. లాటిన్‌లో దీని రూపం కర్మణి క్రియది, చూస్తే మరుపు మనకు జరిగినట్టుంటుంది. అర్థంలో మాత్రం చేసేది మనమే.

నారాయణగూడ కాన్వెంట్‌లో నాకు లాటిన్ నేర్పేటప్పుడు మీరు ఈ మాటలో ఏ అక్షరం సాగదీసేవారో ఎంతకీ గుర్తు రాలేదు. మెల్లగా పైకి అన్నాను. నా గొంతే వినిపించింది.

“ఎవర్ని పిలుస్తున్నవ్ అక్కా?”

“మా సిస్టర్‌ని.”

ఆ అమ్మాయి తలుపు వైపు చూసింది. నేనూ చూశాను.