ఫ్యాన్‌లో అక్షింత

శుక్రవారం రాత్రి, ఫిల్మ్ నగర్

రేపు హీరోగారికి కథ చెప్పాలి. పొద్దున చివరి సీను దిద్దుతుంటే ల్యాప్‌టాప్ ఆరిపోయింది. ఎన్నిసార్లు నొక్కినా క్షణం వెలిగి మళ్లీ చీకటి. రెండేళ్ల కథ అందులోనే ఉంది. ఇంకెక్కడా దాచుకోని నా తెలివి తగలెయ్య!

యూసుఫ్‌గూడలో రిపేర్లు చేసే సరోజక్క దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ స్క్రీను వైపు చూడనే లేదు. బటన్ నొక్కి, ల్యాప్‌టాప్‌కి చెవి ఆనించి కళ్లు మూసుకుంది.

"ఫ్యాన్ తిరుగుతలేదు తమ్మీ. లోపల ఏందో ఇరుక్కుంది."

అడుగు మూత విప్పి, పట్టకారుతో పసుపు రాసిన బియ్యపు గింజ ఒకటి తీసింది. నిన్న స్క్రిప్టు పూజలో డైరెక్టరుగారు ల్యాప్‌టాప్ మీద దోసిలితో చల్లిన అక్షింత!

"దీవెన జర ఎక్కువైంది," అని నవ్వింది.

ఫ్యాన్ గుయ్‌మంది. ఒక్క సీనూ పోకుండా కథంతా తెర మీదికొచ్చింది. విప్పకముందే, ఒట్టి చెవితో ఎలా పట్టేసిందో! ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను. ఆ గింజ నా పర్సులోనే ఉంది.

నా కథ కూడా సెకండాఫ్‌లో ఎక్కడో ఆగుతోంది. ఎక్కడో నాకే తెలియడం లేదు. అక్కడా ఇంత చిన్న గింజే ఇరుక్కుందేమో...

హీరోగారికంటే ముందు సరోజక్కకి వినిపించాల్సింది.