బ్రీడాకి చేయాల్సిన ఫోన్

మంగళవారం రాత్రి, నేస్, ఐర్లండ్

మా ఫైనాన్షియల్ ప్లానింగ్ ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో మా కుర్ర ఉద్యోగి కిరణ్ పెట్టిన ఆటోమేటిక్ వర్క్‌ఫ్లోని ఈరోజు అందరూ మెచ్చుకున్నారు. ఏ క్లయింటుకి ఎప్పుడు ఏం చేయాలో ఇకమీదట అదే గుర్తుచేస్తుంది. నేనూ చప్పట్లు కొట్టాను, అందరికన్నా ఆలస్యంగా. అందులో ఉన్న పనులన్నీ పోయిన నెల వాడు నా పక్కన కూర్చుని నా నోట రాబట్టినవే. "ఇక మీరేం గుర్తుపెట్టుకోనక్కర్లేదు అంకుల్, గ్రాండ్‌గా నడిచిపోద్ది" అన్నాడు. జన్మలో ఒక్క పుస్తకం చివరిదాకా చదివిన మొహం కాదు.

నా పాత క్లయింటు బ్రీడా భర్త పోయింది ఈ తేదీనే. ఆమె పెన్షన్ వ్యవహారాలు చూస్తున్నప్పటి నుంచి ఏటా ఈరోజు ఆమెను పలకరించేది నేను. సాయంత్రం ఫోన్ చేశాను.

"పొద్దున్నే కిరణ్ చేశాడు. మా ఆయన కుక్క ఎలా ఉందని పేరు పెట్టి మరీ అడిగాడు. ఎంత మనసున్న పిల్లాడో" అంది.

ఆ కుక్క పేరు నేను చెప్పి రాయించిందే. అయినా అవునండీ, మంచివాడే అన్నాను.

అందరూ వెళ్లాక వర్క్‌ఫ్లో తెరిచి, ఏటా బ్రీడాకి ఫోన్ చేసే పనిని మర్నాటి తేదీకి మార్చేశాను. వచ్చే ఏడాది సిస్టమ్ కిరణ్‌కి చెప్పేలోగా నేను మాట్లాడేసి ఉంటాను.

నాకు గుర్తుండాలి, అంతే.