కలలు అడిగే తమ్ముడు

పుత్తూరు,
మార్గశిరం, శుక్రవారం, 1979.

అమ్మా నాగరత్నం,

నువ్వూ పిల్లలూ చల్లగా ఉండాలని మీ వదిన తాయమ్మ దీవెనలు. సత్యవేడులో చలి ఎక్కువేమో, చిన్నదానికి చెవులకు గుడ్డ కట్టు. నాది మూడో తరగతి చదువు, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఓపిగ్గా చదువుకో.

పుట్టింటికి పోయే ముందు నువ్వు, "వదినా, ఆయన మట్కా ఆడతా ఉండాడు" అన్నావు. నేను నమ్మలేదు. నీ కుట్టుమిషను రిపేరుకు పోయిందని నా తమ్ముడు చెప్పిందే నమ్మాను. ఎందుకంటావా, దామోదరం రోజూ పొద్దున్నే వచ్చి, "అక్కా, రాత్రి ఏం కల వచ్చింది?" అని అడిగేవాడు. అట్లాంటివాడు చెడిపోయాడంటే ఎట్లా నమ్మేది?

మా అమ్మ ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో అదే పద్ధతి. లేవగానే మమ్మల్ని నీళ్ళపొయ్యి ముందు కూర్చోబెట్టేది. పీడకలైతే ముందు నిప్పుకు చెప్పించి, తర్వాత తను వినేది. పొగకు కళ్ళు మండినా మేం కదిలేవాళ్ళం కాదు. దామోదరానికి ఎప్పుడూ ఒకటే కల, రేణిగుంట రైలు నిండా దోసెలు. "మళ్ళా దోసెల బండేనా నాయనా, ఈసారన్నా మాకేమన్నా మిగిల్చినావా?" అని అమ్మ నవ్వేది. ఇప్పుడు నా ముసలితనంలో తమ్ముడు వచ్చి కల అడిగితే, అమ్మే వాడి నోటితో అడిగినట్టుండేది నాకు.

మొన్న, అమ్మ ఏడుస్తూ కలలోకి వచ్చిందని చెప్పాను. ఎందుకేడ్చిందని అడుగుతాడనుకున్నాను. "సుట్టూ ఎంతమంది ఉండారు?" అన్నాడు.

మనసు అదోలా అయింది. ఆ పూటే తమలపాకులకని వీధి చివర ఎల్లప్ప బంకుకు పోయాను. వాడు నవ్వుతూ, "తాయమ్మా, నీ కలలకు మా బంకులో మంచి గిరాకీ. మీ తమ్ముడు సెప్పిన నంబరు మీదే సగం వీధి కడతా ఉండాది. ఒక మంచి పామును రానీ, అందరం బాగుపడతాం" అన్నాడు. పాముకొక నంబరట, ఏడుపుకొక నంబరట. నా తల్లి కన్నీళ్ళను కూడా దామోదరం చీటీ మీద రాయించుకున్నాడు.

నువ్వు చెప్పింది నిజం, నాగరత్నం. రేపటి నుంచి వాడికి కల చెప్పను. వాడు వస్తున్నది నా కోసమా, కల కోసమా అన్నది తేలిపోతుంది. తేలకుండా ఉంటేనే బాగుండునని కూడా అనిపిస్తుంది.

మీ వదిన,
తాయమ్మ.


పుత్తూరు,
పుష్యం, బుధవారం.

నాగరత్నం తల్లీ,

నువ్వు జవాబు రాయలేదు. కోపం ఉంటుందిలే.

కలలు రావడం లేదురా అన్న రోజు దామోదరం కాఫీ తాగకుండా లేచిపోయాడు. మళ్ళీ రాలేదు. బస్సు కింద పడ్డాడేమో, పోలీసులు పట్టుకుపోయారేమో అని ఒకటే ఆలోచన. ఏదో ఒక కల కల్పించి చెబుదామా, మొహమన్నా చూస్తాను కదా అని కూడా అనుకున్నాను. దేవుడే ఆపాడు.

నిన్న సాయంత్రం వచ్చాడు. గడ్డం మాసి ఉంది. వాకిట్లోనే నిలబడి, "అక్కా, మట్కా సీటీలు రాసే ఏళయింది. కాళ్ళు ఆడికే పోతా ఉండాయి. నన్ను పోనీబాక" అన్నాడు.

"ముసల్దాన్ని, ఏం పెట్టి కట్టేసేదిరా నిన్ను?"

"ఏదన్నా పని పెట్టు."

అనపగింజలు నానబోసి ఉన్నాయి. తొక్క ఊడేలా వేళ్ళతో పితకమని చాట ముందు పెట్టి, నేను గడప మీద అడ్డంగా కూర్చున్నాను. వాడు గట్టిగా నొక్కితే పప్పు ఎగిరి గోడకు తగిలింది. లేచాడు, నన్ను చూశాడు, మళ్ళీ కూర్చున్నాడు. "ఎట్లుండాది?" అంటే, "మాట్లాడించబాకక్కా" అన్నాడు. ఎల్లప్ప బంకు చెక్కలు మూసిన చప్పుడు వినపడేదాకా పితుకుతూనే ఉన్నాడు. అప్పుడు మొహం రెండు చేతులతో కప్పుకుని, "నాగరత్నం సెప్పిందంతా నిజమే. మిషను అమ్మేసినాను" అన్నాడు.

నిన్ను రమ్మని రాయడం లేదు. ఒక్క సాయంత్రాన్ని నమ్ముకుని పిల్లలతో బయలుదేరొద్దు. నేనూ నమ్మడం లేదు తల్లీ, భయపడుతూనే ఉన్నాను. ఈ రోజు కూడా వస్తానన్నాడు. నిన్నటి పప్పే వీధంతా పంచినా మిగిలింది. అయినా మళ్ళీ ఒక పడి గింజలు కొలిచి నానబోశాను.

మీ వదిన,
తాయమ్మ.