పందెం అయ్యేదాకా మేము రాము

హిందూపురం, 1959

గోవిందరాజులూ, మీ అమ్మ రామలక్ష్మమ్మ చెప్పి రాయించేది: ఈడ నేనూ నీ కొడుకు కుళ్ళాయప్పా బాగున్నాము.

వాణ్ణి పరుగు మాన్పించి ధర్మవరంలో మగ్గం మీదికి పిలుచుకొని రమ్మని నన్ను పంపితివి. పిలుచుకొని రాను. తెల్లారకముందే పన్నెండు మంది కలిసి మైదానంలో పరుగు నేర్చుకుంటారు. ఒక చుట్టు ప్రాణం పెట్టి పరుగెత్తి, ఇంకో చుట్టు నడిచి, మళ్ళీ పరుగెత్తుతారు. మొదటి దినం వాడు నడుస్తుంటే అలసిపోయినాడనుకొని ఎదురుపోయి చెంబెడు రాగి అంబలి తాగించినాను. మరుసటి చుట్టులో అంతా కక్కినాడు.

"ఏమవ్వా, ఆ నడక ఊపిరి తీసుకునేదానికి, అంబలి తాగేదానికి కాదు" అన్నాడు నేర్పే మాస్టరు.

"ఆ మాట ముందే చెప్పేదానికి నీకు నోరు లేదేమప్పా?" అన్నాను నేను. ఆ దినం నుంచి చింతగింజలు పక్కకు పెడుతూ పది పరుగు చుట్లూ లెక్కపెట్టే పని నాదే.

జిల్లా పందెం ఉగాది అయినాక. అందాకా వాడి మగ్గంలో ఎవరినైనా కూర్చోబెట్టుకో. నా కంబళి బస్సులో పంపు. కోడలు అనసూయమ్మకు దగ్గు తగ్గిందా?

పగలు వాడు అంగట్లో పనికి పోతాడు. మేముండే ఇంటామెకు కన్నడం తప్ప రాదు. తెల్లవారుజామున మాత్రం నడిచే చుట్టులో నా ముందుకు వచ్చినప్పుడల్లా వాడు "అవ్వా, ఎన్నైనాయి?" అని అడుగుతాడు. దినానికి పదిమార్లు. మన ఇంటి మగ్గాల చప్పుడులో నన్ను ఒక మాట అడిగినవాళ్ళు ఎవరున్నారు?

ఇంటిల్లిపాదికీ నా దీవెనలు, నీకు కూడా.