మగ్గం చప్పుడు తీసేశాను

జూన్ 4
రెండు అల్గారిథంలూ మళ్లీ మొండికేశాయి. ఒకటి దగ్గర్లో దొరికిన జవాబు దగ్గరే కూలబడుతుంది. ఇంకొకటి ఊరంతా తిరుగుతుంది, ఎక్కడా కుదురుకోదు. రెండింటినీ కలిపితే అక్కర్లేని చప్పుడు వడగట్టే మంచి ఫిల్టర్ వస్తుందని గైడ్ సార్‌కి రాసిచ్చింది నేనే. ఎవరిని తిట్టాలి?

జూన్ 7
బాపు చెవులు ఇంకా తగ్గాయి. అన్నానికి అమ్మ మూడుసార్లు పిలిచి, చివరికి మగ్గం దగ్గరికే వెళ్లి భుజం తట్టింది. చెవి మిషన్ పెట్టుకోమంటే —
"గా మిషన్ పెడితే మగ్గమే నెత్తిల కొడ్తాంది బిడ్డా. మీ అమ్మ మాట యాడ ఇనవడ్తది?"
అందుకే ఈ ఫిల్టర్. పీహెచ్‌డీ తర్వాతి మాట... అబద్ధం. రెండూ కావాలి నాకు.

జూన్ 11
కుదిరింది! ఇంట్లో చేసిన రికార్డింగులో మగ్గం చప్పుడు పూర్తిగా పోయింది, అమ్మ గొంతు మిగిలింది. ల్యాబ్‌లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. సార్ — "మీ నాన్నగారికి పెట్టి చూడమ్మా. బాగుందంటే ఆ మాట థీసిస్‌లో చేర్చు. సోమవారం ఇచ్చేయాలి."

జూన్ 13
ఫిల్టర్ ఎక్కించిన ఇయర్‌ఫోన్లు పెట్టి బాపును మగ్గంలో కూర్చోబెట్టాను. వంటింట్లోంచి అమ్మ, "చాయ్ తాగుతవా?"
"జరంత పొయ్యి."
అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది.

అరగంటకు మగ్గం ఆగింది. పడుగులో, నిలువు దారాల్లో, ఒక పోగు తెగింది, తెలియక నాలుగు వేళ్ల మేర నేసేశాడు. చీర మీద పొడుగ్గా గీత. ఆయన చేతిలో అలాంటి తప్పు ఎన్నడూ చూడలేదు.
"కండ్లు నేసే పువ్వు మీదుంటయి గద. పోగు తెగితే చప్పుడు మారుతది, చెయ్యి ఆగుతది. గా చప్పుడే తీసేస్తివి."

జూన్ 14
మగ్గం చప్పుడంతా చెత్త అని ప్రోగ్రాంలో మొదటిరోజే రాశాను. అల్గారిథంలు చెప్పిన పని చేశాయి, పాపం. మగ్గం పక్కనే పెరిగిన దాన్ని, ఒక్కమాట బాపును అడగలేదు. సిగ్గేస్తోంది.

జూన్ 15, ఆదివారం
ఆ చప్పుడును తీసేయొద్దని ఫిల్టర్‌కి నేర్పాలంటే, తెగిన పోగు చప్పుడు రికార్డు చేయాలి. ఒకటి తెంపమంటే బాపు కత్తెర నా చేతిలో పెట్టాడు. "నాతోని గాదు. నువ్వే తెంపు."
ఆయన నేస్తుండగా తెంపాను. చప్పుడు మారింది — నా చెవికి తెలియలేదు, ఆయన చెయ్యి ఆగింది.

సార్ ఫోన్. థీసిస్‌లో చేర్చడానికి బాపు మాట ఒక్క వాక్యంలో పంపమని. బాపుకు చెప్పాను.
"బాగుందని రాయి. మీ అమ్మ మాట ఇన్న గద, అబద్ధమా? నీ సదువు ఆగొద్దు."

ఇంకా పంపలేదు. బాపు మళ్లీ నేస్తున్నాడు, ఇయర్‌ఫోన్లు మగ్గానికి వేలాడుతున్నాయి. అన్నానికి రమ్మని అమ్మ ఆయన్ని పిలుస్తోంది... రెండోసారి. మూడోసారి.